పదకొండో పేరు

నెలకు మూడొందలు.
నీలం రసీదు, కింద రుద్రప్ప వంకర సంతకం.
ఆరేళ్ళుగా కడుతున్నాను,
రబ్బరు బ్యాండు చుట్టి గల్లాపెట్టె అడుగున పడేస్తున్నాను.
హోటలు యజమానుల సంఘమంటే
ఏడాదికో శాలువా, రెండు గులాబ్ జామూన్లు,
మైకు పనిచేయని ఒక మీటింగూ అనుకునేవాణ్ణి.

మడివాళలో నా మెస్సు.
ముద్దపప్పు, గోంగూర, కందిపొడి మీద నెయ్యి.
నంద్యాల నుంచి తెచ్చుకున్న కారం
బెంగళూరు చలికి బాగానే అమ్ముడుపోతుంది.
మధ్యాహ్నం రెండింటిదాకా మెట్ల మీద కూడా జనమే.

లెక్కల పుస్తకంలో తొమ్మిది మంది.
వంటింట్లో పదకొండు మంది.
పది మందైతే ఈఎస్ఐ కట్టాలని
ఎవరో చెప్పిన రోజే
నేను తొమ్మిది దగ్గర లెక్కపెట్టడం ఆపేశాను.
పదోవాడు గిన్నెలు తోమే వేలుమణి.
పదకొండోవాడు కైలాస్ బిసోయి,
గంజాం జిల్లా, ఇరవై రెండేళ్ళు,
వచ్చిన మూడు నెలలకే నా యాస పట్టేసి
"అన్నం మారు పెట్టేదా సార్?" అని అడిగేవాడు.

శనివారం. అప్పడాల నూనె.
బాణలి చెవి ఊడటం నేను చూడలేదు,
చప్పుడు విన్నాను.
తర్వాత వంటింట్లో ఏ చప్పుడూ లేకపోవడం విన్నాను.

వేలుమణి వాడి చేతిని కుళాయి కింద పట్టుకున్నాడు.
ఎవరికి ఫోన్ చేయాలో తోచక
గల్లాపెట్టె లాగితే నీలం కాగితం తగిలింది,
దాని మీద ఒక నంబరు.

ఇరవై నిమిషాల్లో వచ్చాడు రుద్రప్ప,
సిల్క్ బోర్డు ట్రాఫిక్‌ను ఏ సందులోంచి దాటాడో,
రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులతో.
విక్టోరియాలో, కాలిన గాయాల వార్డు బయట
డాక్టరుతో కన్నడంలో, నర్సుతో తమిళంలో,
కైలాస్‌తో వచ్చీరాని హిందీలో మాట్లాడి
చివరికి నావైపు తిరిగి తెలుగులో అడిగాడు:
"కార్డుందా?"
కాసేపాగి, "పుస్తకంలో పేరైనా ఉందా?"

నిశ్శబ్దం పాటించండి అని
గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంది.
పాటించాను.

ఆ రాత్రి మెస్సు మూతపడలేదు.
ఎదురు వీధి ఉడిపి హోటలు ఐతాళ,
ఆయన సాంబారు పాయసమని నేను నలుగురిలో నవ్విన మనిషి,
తన మాస్టర్ని పంపాడు, ఒక సిలిండరుతో సహా.
ఆ మాస్టరు గోంగూరలో బెల్లం వేశాడు.
ఎవరూ తిట్టలేదు. ఒకాయన మళ్ళీ వేయించుకున్నాడు.

గురువారం సంఘం ఆఫీసు,
స్టీలు సామాన్ల కొట్టు మీద రెండో అంతస్తు.
సంక్షేమ నిధి నుంచి నలభై వేలు.
ఎవరూ కాదనలేదు.
రుద్రప్ప మినిట్స్ పుస్తకం మూయలేదు.
"ఇంకో వాక్యం రాయాలి.
ఇది సాయం కాదు, ఈయన బాకీ,
మనం ముందుగా కడుతున్నాం, అంతే.
ఈ గదిలో ఇంకా తొమ్మిది దగ్గర ఆగినవాళ్ళెవరో
చేతులెత్తండి."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.
ముందు ఐతాళ ఎత్తాడు.
తర్వాత బిర్యానీ నూరుల్లా.
తర్వాత పసుపంటిన చేతులు, ఉంగరాల చేతులు,
ఒకటి సగం లేచి
తల గోక్కుని దిగిపోయింది.
దాన్నీ రాసుకున్నాడు రుద్రప్ప.

రెండు నెలలకు కైలాస్ వచ్చాడు,
కుడిచేయి ఇంకా గుడ్డలోనే.
పుస్తకంలో పదకొండో గీత మీద
ఎడమచేత్తో, ఒడియాలో, గుండ్రంగా
తన పేరు తనే రాసుకున్నాడు.
నేను చదవలేను. వేలు పెట్టి చూపించగలను.

సంఘంలో మీకూ ఒక కుర్చీ అడగమంటావా అన్నాను.
కుర్చీ సంగతి తర్వాత చూద్దాం సార్,
ముందు కొత్త బాణలి నన్ను కొననివ్వండి అన్నాడు.

పైన మీటింగుకు వేళవుతోంది.
కింద స్టీలు కొట్టులో వాడు
ఒక్కో బాణలి ఎత్తి, చెవి మీద వేలితో కొట్టి,
తల వంచి వింటున్నాడు.
మూడు పక్కన పెట్టేశాడు.
కొట్టువాడు నావైపు విసుగ్గా చూశాడు.
విననివ్వండి అన్నాను.