అయశస్వీ

అహేరి దవాఖానల కాగితం మరాఠీల ఉంది.
పోసుబాయికి మరాఠీ సంతల బేరం మందమే వచ్చు.
చదివి చెప్పుడు నా పని,
ఆశా తాయిని గదా.

కారణం గడిల వేలు పెట్టి చదివిన:
గర్భనిరోధక్ సాధన్ అయశస్వీ.

ఆఖరి మాటకు ఆమె తల కిందికి వాలింది.
యశస్సంటె మంచిపేరని ఒగ్గుకథల విన్నదట.
"నా పేరు చెడిందని రాసిన్రా అక్కా?"

తెల్లారుగట్ల నాలుగింటికి సిరొంచల బస్సెక్కినం.
నూరు కిలోమీటర్ల గుంతలు.
ఆలపల్లి దాక మాట్లాడలే,
కిటికీ ఊచకు నెత్తి ఆనిచ్చి
వేళ్ల మీద ఏందో లెక్కవెట్టుకుంది.

డాక్టరమ్మ వారాలడిగింది.
పోసుబాయి కాడ వారాలు లేవు,
మిరప కోతలున్నయ్.
మొదటి కోతకు ముట్టయింది.
రెండో కోతకు కాలే.
మూడో కోతకు వాంతులు, ఘాటుకనుకున్నది.
కోతలను నేను వారాలు చేసిన.
తొమ్మిది.

నెల తప్పింది అంటం మనం.
తప్పింది నెల,
తప్పును మాత్రం ఆడదాని కొంగుకు ముడేస్తం.
తీగను సక్కగ నిలుపుకోలేదని అత్త అన్నది.
మొగడు ఏమనలే, ప్రాణహిత దిక్కు చూసిండు.
వంతెన పడ్డంక నావ అమ్ముకున్నోడు,
నీళ్ల దిక్కు చూసుడు ఆయనకు అలవాటు.

వేలి కణుపంత రాగి తీగ.
రెండేండ్ల కింద నేనే తోల్కపోయి ఏపిచ్చిన.
పదేండ్లు రంది లేదు పో, అన్న.
ఆ మాట రాయనీకి కాగితంల గడి లేదు.

"నీ పేరు కాదు పోసుబాయీ, తీగ పేరు.
ఓడింది అది.
చట్టం నిన్నంటలేదు, దాన్నంటుంది."

శానసేపు ఆ అక్షరాల దిక్కే చూసింది.
"అయితే దాన్నే పిలిచి
వేలిముద్ర ఏపియ్యుండ్రి," అన్నది.
డాక్టరమ్మకు తెలుగు రాదు,
మేమెందుకు నవ్వినమో అడగలే.

బల్లకాడి బాబు మొగని సంతకం అన్నడు.
అక్కర లేదన్న.
మల్ల అన్నడు.
గోడకంటిచ్చిన కాగితం చూపెట్టిన.
సగం చినిగింది,
మాకు కావల్సిన ముక్క ఉన్న సగంలనే ఉంది.

నా మూడోడికి పదకొండేండ్లు.
ఇసొంటి గడి ఒకటుంటదని అప్పుడు నాకు తెల్వదు.
వాణ్ని చూసి ఎన్నడన్న అనుకుంటవా అంటె
అనుకోనని చెప్త.
ఒక్కోనాడు అనుకుంట.
నా చెప్పులేసుకొని వాకిట్ల ఉరుకుతుంటె
కడుపు పట్టుకొని నవ్వుత.
రెండూ నేనే.

తిరుగు బస్సుల ఆమెకు సీటు దొరికింది,
నాకు దొరకలే.
కండ్లు మూసుకొని పన్నది.
ఆలపల్లి దాటినంక లేచి
"ఆ మాటేందక్కా? మా అత్తకు చెప్పాలె."

చెప్పిన.

పెదవులల్ల రెండుమార్లు తిప్పుకుంది,
పైకి అన్నది,
ఒక్క తప్పు లేకుంట.