మెట్ల కింద అర

మెట్ల కింద అరలో
చీపురుకి కూడా చోటు లేదు.
రెండో హీటరు, రెండో పంపు,
బ్యాటరీతో బుడగలూదే డబ్బా,
బకెట్టు మూత మీద కామేశం రాత:
ఉప్పు, ముట్టకు.

"గుమ్మం దిగితే సముద్రమేగా!" అనేదాన్ని.
"గ్రిమ్స్‌బీ నీళ్లు చల్లన.
వీడు పగడాల దేశం వాడు."

జనవరి గాలికి రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
కామేశం చేపల కోల్డ్ స్టోరేజీలో, నైట్ డ్యూటీ.
టార్చి నోట కరచుకుని
తిట్టుకుంటూనే అర తెరిచాను.
గురగురమంటూ బుడగలు.

హీటర్లు రెండున్నా కరెంటు ఒక్కటే కదా.
ఉన్న ఒక్క బొంతా తొట్టెకి కప్పి
కోటు తొడుక్కుని పక్కన కూలబడ్డాను.

తెల్లారి చేపల కంపుతో వచ్చి
ముందు బొంత ఎత్తి చూశాడు,
ఆ తరవాతే నన్ను.

సోమవారానికి
అరలో రెండో బొంత.