ఏడు రాత్రుల రీడింగు

రంగరాజు గారి కారు తెల్లది.
ఎడమ పక్క పెట్రోలు మూత, కుడి పక్క కరెంటు మూత.
రెండు నోళ్ల కారు.
"నలభై కిలోమీటర్లు కరెంటు మీదే పోద్దమ్మా,
అది అయిపోతే ఇంజను అందుకుంటది" అన్నారు.
నా రోజు ముప్ఫై ఎనిమిది.
భీమవరంలో బయల్దేరి కాళ్ల, జువ్వలపాలెం
గట్ల మీద నీళ్ల సీసాలు పోగేసుకుని
మధ్యాహ్నానికి ల్యాబు.
లెక్క వేలికి ఉంగరంలా పట్టింది.

పట్టనిదల్లా గోడ.
మాది మూడో అంతస్తు, అద్దె.
కింద స్తంభాల మధ్య తొమ్మిదో నంబరు జాగా,
పక్కన నీళ్ల మోటారు.
మోటారుకి ప్లగ్గుంది, ప్లగ్గుకి తాళముంది,
తాళంచెవి ఓనరమ్మ కనకరత్నం గారి బొడ్లో ఉంది.
"ఇవాళ నీ కారంటావు, రేపు పై వాళ్ల కారంటారు,
నా మీటరు గిర్రున తిరిగితే
ఆ బిల్లు ఎవరికని పంచను?"
ఆవిడ మాటలో తప్పు కోసం వెతికాను.
దొరకలేదు.
బాల్కనీలోంచి తీగ దించుదామంటే
రెండో అంతస్తు వాళ్ల తడి చీరలు.

బుల్లెబ్బాయి గారు విని,
"మా షెడ్డులో పెట్టుకోండి మేడమ్, ఆయ్,
సబ్సిడీ కరెంటే కదా,
మీ బండి తాగితే ఎంత తాగుద్ది" అన్నారు.
ఆ షెడ్డు నాకు తెలుసు.
మబ్బు పట్టిన ఆగస్టు రాత్రి రెండింటికి
"కరెంటు పోయిందండి, రొయ్య పైకి తేలుతోంది" అని
ఆయన ఏడ్చింది అక్కడి నుంచే.
ఏరియేటర్లు ఆగిన చెరువు
ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో
మీకెవరూ చెప్పి ఉండరు.
డీజిలింజను హ్యాండిలు తిప్పీ తిప్పీ
అరచెయ్యి ఊడొచ్చింది.
వాళ్లదీ రెండు నోళ్ల బతుకే.
నీళ్లలో ఆక్సిజన్ రెండుకి దిగిందని
చదివి చెప్పింది నేనే.
ఆ తీగకి నా కారు కట్టలేను.

ప్లగ్గు పెట్టకుండానూ నడపొచ్చంట.
మెకానిక్కు ఇమ్మానుయేలు నవ్వాడు:
"అప్పుడా బ్యాటరీ
పెళ్లికొచ్చి పని ముట్టుకోని మేనమామండి.
బరువుంటాడు, భోజనం చేస్తాడు."

అసలు అడగాల్సింది కారుని కాదు.
ఇన్వర్టరులో డిస్టిల్డ్ వాటరు
ఆఖరుసారి ఏ నెలలో పోసిందో చెప్పలేని మనిషిని.

రంగరాజు గారిని వారం గడువడిగాను.
ఆ వారమంతా లేని కారుకి చార్జింగు పెట్టాను.
పదిన్నరకి తీగ చుట్ట భుజానేసుకుని
మూడంతస్తులు దిగి, తొమ్మిదో నంబరులో
ఖాళీ నేల మీద కొస ఆనించి, మళ్లీ ఎక్కడం.
చెరువుల నీళ్లు రాసే పుస్తకంలోనే రాసుకున్నాను:

సోమవారం దిగాను.
మంగళవారం దిగాను. దోమలు.
బుధవారం దిగాను, చెప్పులు మర్చిపోయి.
గురువారం వాన. కిటికీలోంచి చూశాను.

శుక్రవారం వాచ్‌మన్ భార్య అప్పయమ్మ ఎదురొచ్చింది.
మెట్ల కింద వాళ్ల గది, ఒకటే ప్లగ్గు,
దానికి ఫ్యాను, ఫ్యాను కింద నెలల పిల్ల.
"రోజూ తీగ పట్టుకు తిరుగుతున్నారు పాపం,
కావాలంటే రెండు గంటలు
ఫ్యాను తీసి ఇస్తానమ్మా" అంది.
లేదు లేదంటూ పైకొచ్చేశాను,
చెవులు కాలుతుంటే.

శనివారం దిగలేదు.
ఆదివారం దిగలేదు. కారణం లేదు.

పదిహేనేళ్లలో అబద్ధపు రీడింగు రాయలేదు నేను.
రైతు బతిమాలినా మూడుని అయిదు చెయ్యలేదు.
ఏడుకి నాలుగు.

"ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి,
సొంత గోడ ఉన్నవాళ్లకి" అని ఫోను చేశాను.
రంగరాజు గారు నొచ్చుకోలేదు.
"అయితే స్కూటీయేనా?" అన్నారు.
స్కూటీయే.

తీగ బుల్లెబ్బాయి గారు పట్టుకెళ్లారు,
షెడ్డులో రెండో బల్బుకి.
పుస్తకంలో ఆ పేజీ చించబోయి
వెనక పక్క ఆయన చెరువు లెక్కలుంటే
ఊరుకున్నాను.