ఏడు వందల గ్రాములు

కాశీబుగ్గలో, జీడిపప్పు ఫ్యాక్టరీ వెనక
రేకుల షెడ్డులో మిషను పెట్టాను.
నేల మిట్టపల్లం. ఒక కాలి కింద
అట్టముక్క మడిచి దోపాను.
గోడకి టేపు అంటించి, రిజిస్టరు తెరిచి
రండమ్మా ఒక్కొక్కరూ, అన్నాను.

ఎవరూ రాలేదు.

హేమంతి పక్కకి తిరిగి ఏదో అంది.
ఇద్దరు లోపలికెళ్లి పప్పు డబ్బా మోసుకొచ్చారు.
"డబ్బాతో కలిపి పదకొండు కేజీలు.
దినామూ ఎత్తీదే. ముందల దీన్ని తూసి సూపించు."

తూచాను.
పదకొండు పాయింట్ ఏడు.

షెడ్డు షెడ్డంతా నవ్వింది.
"తగ్గించీ కాటాలే ఎరుగుదుం తల్లీ,
ఎక్కువ సూపించీ కాటా ఇదే మొదలు!"
కిలోకింత అని ఒలిచే చేతులు వాళ్లవి.
తూకం దగ్గర ఎవరి బొటనవేలు ఎక్కడుంటుందో
కళ్లు మూసుకుని చెబుతారు.

అప్పుడు ఎక్కారు.

ఎత్తుని ఎత్తుతోనే హెచ్చవెయ్యాలి,
బరువుని దాంతో భాగించాలి. అంతే.
వచ్చిన అంకెకి నాలుగు గళ్లు:
తక్కువ, సరిపడా, ఎక్కువ, మరీ ఎక్కువ.
విడమరిచి చెప్పబోతే
"తెలిసిందిలే, గుండు, బద్ద, ముక్క, నూక" అంది హేమంతి
జీడి మసకి నల్లబడ్డ వేళ్లు మడుస్తూ.

లోలాక్షి. నూట యాభై రెండు సెంటీమీటర్లు.
నలభై మూడు కేజీలు.
పద్దెనిమిది పాయింట్ ఆరు.
పద్దెనిమిదిన్నర దగ్గర గీత, దాటింది,
సరిపడాలో టిక్కు పెట్టేశాను.
డబ్బా సంగతి అప్పుడు గుర్తొచ్చింది.
కొట్టేసి మళ్లీ వేశాను.
పద్దెనిమిది పాయింట్ మూడు.
తొంగి చూసి, "బద్దలో పడ్డానేటి?" అంది.

పొద్దున్న ఏం తిన్నావో అడగాలి, ఫారంలో ఉంది.
"అంబలి."
మధ్యాహ్నం?
"టీ."
రాత్రికి?
"సూడాల."
రోజంతా చేతుల్లో పప్పేగా, అన్నాను, ఎందుకన్నానో.
"ఎనకటి మేస్త్రీ గేటుకాడ నోరు తెరవమనీవోడు" అంది,
తెరిచి చూపించింది కూడా.
నేను రిజిస్టరులోకి చూశాను.

సాయంత్రం అందరూ వెళ్లాక నేనూ ఎక్కాను.
చెప్పులు విప్పి, వాచీ విప్పి,
ఊపిరి కూడా వదిలి.
డెబ్భై ఒకటి.
స్కూటీ మీద తిరిగే ఉద్యోగం,
ఇంటింటా టీ, వద్దంటే నొచ్చుకుంటారు.
ఎత్తు నూట యాభై ఏడు.
ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది.
ఏడు వందల గ్రాములు వెంటనే తీసేశాను.
ఈసారి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేకపోయింది.

కొట్టివేతలుంటే డాక్టరుగారు ఒప్పుకోరు,
పేజీ తిరగరాయమంటారు.
లోలాక్షి వరసలో గీత కింద ఆరు
ఇంకా కనబడుతూనే ఉంది.
ఉండనీ.

డబ్బా అక్కడే మర్చిపోయారు.
లోపల పెడదామని ఒక చేత్తో పట్టాను,
లేవలేదు.
రెండు చేతులా ఎత్తి
తలుపు దాకా మోసి దించేసరికి
గోడకి ఆనుకోవాల్సి వచ్చింది,
సరిగ్గా టేపు దగ్గర.