బరీ ఆహే

నాగ్‌పూర్ హాస్టల్ మూసిన్రు.
కూరగాయల బండి మీద చంద్రాపూర్,
ఆడికెంచి ఎట్లెట్లనో సిరోంచ.
ఆశ్రమశాలల పద్నాలుగు దినాలు
సుద్దముక్క గీతల నడుమ పండుకున్న.
పదిహేనోనాడు ఇంటికి పొమ్మన్నరు గని
గీత నా ఎంటనే అచ్చింది.
నా మంచం చుట్టూ గీసుకొని కూసున్నది.

అవ్వ చెంబుల నీళ్లు పెట్టి పోతది.
మాపటికి అవే నీళ్లు, పైన ఒక చీమ.
దిష్టి అన్నది ఒకసారి, బద్ధకమన్నది ఒకసారి.
రేషన్ లైన్ల అడిగినోళ్లకు మాత్రం
"సదువుతాంది" అని చెప్పింది.

పొద్దుమీకితె నా ఫోన్ గంగ దాటుతది.
గడియసేపు మహారాష్ట్ర టవర్, గడియసేపు తెలంగాణది.
వంతెన మీద పోలీసులు, డ్రమ్ములు, ముండ్లకంప.

ఒకనాడు హెల్ప్‌లైన్ తాయీ ఫోన్ చేసింది.
కాలేజోళ్లు ఇచ్చిన లిస్టుల నా పేరున్నదట.
"కశీ ఆహేస్?"
"బరీ ఆహే" అన్న.
బాగనే ఉన్న అని.
పన్నెండేండ్ల మరాఠీ బడి నేర్పిన జవాబు అది.
ఆమె రాసుకున్నది.
పెట్టేసినంక ఆ మాట నోట్లె తెలుగై తిరిగింది.
బరీ.
బరువు.
అబద్ధమాడిన అనుకున్న గని
నాలిక నాకన్న ముందే చెప్పేసింది.

దడి కాడ మోనాలికి ఈ ముచ్చట చెప్పిన.
నవ్వుతదనుకున్న, నవ్వింది.
నవ్వి, దడి మీదికెంచి
తునికాకు మోపు ఒకటి ఇటు పడేసింది.
"డెబ్బై ఆకులకు ఒక కట్ట.
లెక్క తప్పితె కల్లం కాడ మున్షీ తీసుకోడు."

అటు ఆమె, ఇటు నేను,
మూతులకు రుమాళ్లు.
ఒకటి కాడికెంచి పైకి లెక్కబెట్టుకుంట పోయినం.
ముప్పై నాలుగు కాడ నాకు ఏడుపచ్చింది.
అటు దిక్కు లెక్క ఆగింది.
ఏమైంది అని అడుగలే.
ధైర్యం చెప్పలే.
నేను ముక్కు తుడుసుకునే దాక ఆగి
"ముప్పై ఐదు" అన్నది.

ఆనాడు నావి మూడే కట్టలు.
ఒకదాంట్ల అరవై ఎనిమిదే, ఇద్దరికీ ఎరుకే.
గోర్లల్ల పచ్చాకు మరక.
చాన దినాలకు చేతులు కడుక్కోబుద్ధి కాలే,
అండ్ల భయం లేదు.

"రేపు నాలుగింటికి అడవికి పోతం, అత్తవా?"
చెప్పలేను అన్న.
"చెప్పకు. చెప్పులు మాత్రం దడి కాడ పెట్టు."

పెట్టచ్చి పండుకున్న.
నిద్రయితె రాలే.