లాగకు, పరుచు

గ్లెన్‌రోథెస్, అరవై ఎనిమిది.
కింద తొట్టెల గదిలో నేను.
పైన వెలుగు బల్ల మీదికి వంగి
ఇష్బెల్ స్మీటన్.

పాలరంగు ఫిల్ము మీద టేపు అంటించేది,
అసలు కొలతకి నాలుగింతలు.
పైముఖానికి ఎర్రది, అడుగుముఖానికి నీలం;
రెండింటినీ విడదీసే పని కెమెరాది.
మలుపు దగ్గర ఊపిరి బిగబట్టి
బొటనవేలి గోటితో నొక్కేది.

కొత్తగా చేరిన పిల్లలకి ఒకటే పాఠం:
"లాగకు, పరుచు.
లాగినా ఇప్పటికి తిన్నగానే ఉంటుంది.
రాత్రికి రాత్రి వెనక్కి ముడుచుకుని
పొద్దున్నకి పక్కదాన్ని ముట్టుకుంటుంది."

వాళ్లమ్మ పిటెన్‌వీమ్ రేవులో
హెరింగ్ చేపలు చీరేదట,
వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని.
ఇష్బెల్ వేళ్లకి పీలికలు లేవు. కత్తి మాత్రం ఉంది.

నా దాకా వచ్చేసరికి
ఆ గీతలు కుదించుకుపోయి
రాగి రేకుకి పొరలా అతుక్కుని ఉండేవి.
ఫెర్రిక్ క్లోరైడ్‌ది
పొయ్యి మీద మరిచిపోయిన టీ రంగు.
చొక్కాకి అంటితే చొక్కా దానిదే.
తొట్టె ఊపడం, గడియారం చూడడం, మళ్లీ ఊపడం.
ఆమె పెట్టిన గీతకి నేను చేసిందేమీ లేదు;
పెట్టని చోటునంతా కరిగించాను.
ఖాళీకే నాకు జీతం.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం
రాంకిన్ దొర మూడుసార్లు మెట్లెక్కాడు,
లారీ వచ్చేస్తోందని.
ఆమె ఒక్క గీత లాగింది.

సోమవారానికి నలభై పలకలు తేలాయి,
కన్నాలు కూడా పడ్డాయి.
నలభైలోనూ ఒకేచోట
రెండు గీతలు ఒకదాన్నొకటి తాకి.

ఎవరూ ఏమీ అనలేదు.
తన కత్తి తీసుకుని, మొదటిసారి,
మెట్లు దిగి నా గదికి వచ్చింది.
"ఇంత కంపు కొడుతుందా ఇక్కడ?" అంది.
భూతద్దం కింద నలభై వంతెనలు
ఒక్కొక్కటే కోసింది.
నేను దీపం పట్టుకున్నాను.
ముప్పయ్యో పలక దగ్గర చెయ్యి వణికింది, నాదే.

మొన్న కర్కాడీలో ఒకాయన
పాత సిగ్నల్ జనరేటర్ బాగుచెయ్యమని తెచ్చాడు.
మూత తీశాను.
మలుపులన్నీ చేతివి,
ఏ యంత్రానికీ రాని మెత్తదనం.
ఎడమ మూల, నిరోధకం నీడలో,
వెంట్రుకంత కోత.

ఒకాయన ఎంతవుతుందని అడిగాడు.
వినపడనట్టు
దీపం ఇంకాస్త దగ్గరికి జరిపాను.