పద్నాలుగు నిమిషాలు

గ్రిమ్స్‌బీలో ఆగస్టు. గురువారం. ముసురు.
జిమ్ హాల్లో కవర్లు చిరుగుతున్న చప్పుడు.
వేసవి మొదట్లో ఇదే నేల మీద
కుర్చీల వరసల మధ్య పిల్లిలా తిరిగాను,
ఇన్విజిలేటర్‌ని.
ఇవాళ పనేం లేదు, ఊరికే వచ్చాను.

తొమ్మిదులే తెచ్చుకున్న ఇమోజెన్ అంటోంది:
"కష్టపడ్డాను. గడియారం అందరికీ ఒక్కటేగా."
నిజమే. దానికి బ్యాటరీ వేసింది నేనే.
బయట వాళ్ళమ్మ, ఇంజన్ ఆపకుండా,
ట్యూషన్ మాస్టారికి ఫోన్లో థాంక్స్ చెబుతోంది.

"చదివింది రాలేదు, వచ్చింది చదవలేదు"
అని నవ్వేస్తున్నాడు డార్నెల్.
జుమానా నవ్వడం లేదు:
"సైన్స్ సార్‌కి నా పేరే పలకడం రాదు,
మార్కులెక్కడివి?"
పేపర్లు దిద్దింది ఆయన కాదమ్మా అనబోయి
ఆగాను. ఏడాదంతా
ఆ పిల్లని దిద్దింది ఆయనే.

రీస్‌కి లెక్కల్లో నాలుగు కావాలి. మూడు వచ్చింది.
మణికట్టు మీద ఎండిన చేప పొలుసు.
"నేను మొద్దుని మిస్. ఎవరి తప్పూ లేదు."
ఒక్క ముక్క కూడా ఎవరికీ పంచకుండా
ఓటమినంతా తన పేరనే రాసేసుకున్నాడు.

రెండో పేపరు రోజు, పదీ ఇరవైకి
తల వాల్చేశాడు.
మూడింటికే లేచి చేపల మార్కెట్లో
పెట్టెలు మోస్తాడని తర్వాత తెలిసిందంటే
అది అబద్ధం. వాసన అప్పుడే తెలిసింది.
ఎవరికీ సాయం చెయ్యకూడదని
నాకిచ్చిన కాగితంలో ఉంది.
నిద్ర లేపడం సాయమో కాదో లేదు.
అతని డెస్కు పక్కనే
పద్నాలుగు నిమిషాలు
న్యాయంగా నిలబడ్డాను.
పెన్ను జారిపడితే తనే లేచాడు.

చేతిరాత బాగుంటే తలరాత బాగుండదనేది మా నాయనమ్మ.
ఇంటర్ తప్పినప్పుడు
ముత్యాల్లాంటి నా అక్షరాలు చూపించి
అదే చెప్పుకు తిరిగాను.
రీస్‌వి కోడిగీతలు.
అతనికి ఆ సాకు కూడా లేదు.

"నవంబర్లో మళ్ళీ రాయొచ్చు" అన్నాను,
గొంతు సవరించుకుని.
కవరు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుంటూ
"అప్పుడూ మీరే ఉండండి మిస్," అన్నాడు,
"మీరు మంచివాళ్ళు.
మా జోలికి రారు."